రబ్బరు రింగు మీద రెండు వేళ్లు

ఆ ప్రయోగశాలలో ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన గాలి బాబాయే. బిందెంత స్టీలు గదిలోంచి గాలినంతా పంపులతో తోడేయడం ఆయన పని. "నా ఉద్యోగమే గాలి తీయడం, నాతో పెట్టుకోకండి" అని కొత్తవాళ్లను ఆటపట్టించేవాడు.

గ్లౌజుల దగ్గర మాత్రం ఆటల్లేవు. ఎవరైనా వట్టి చేత్తో ఆ స్టీలు గది లోపల ముట్టుకున్నారా, పెద్దసారైనా సరే, చెడామడా తిట్టేవాడు. "మీ చేతి జిడ్డు మీకు కనిపించదేమో, లేజరుకు కనిపిస్తుంది!" అనేవాడు.

ఉత్త బెదిరింపు కాదది. ఆ లేజరుది అతినీలలోహిత కాంతి. కంటికి ఆనదు. దారిలో తెల్లకాగితం పెడితే మాత్రం నీలంగా మెరుస్తుంది. అందులో కాంతి రేణువు ఒక్కటి వచ్చి తోసినంత మాత్రాన అణువులోంచి ఎలక్ట్రాన్ ఊడిరాదు. బిగుసుకుపోయిన తలుపును ఒకడు భుజంతో తోస్తాడు, కాస్త కదులుతుంది. అది మళ్లీ బిగుసుకునేలోపే రెండోవాడు తోశాడా, తెరుచుకుంటుంది. ఇదీ అంతే. కాంతి బాగా దట్టంగా ఉంటేనే ఆ రెండో తోపు సమయానికి అందుతుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అణువుకు విద్యుదావేశం మిగులుతుంది. అలాంటివాటిని కరెంటు బలంతో పొడవాటి గొట్టంలోకి తరిమితే తేలికవి ముందు, బరువైనవి వెనక చివరికి చేరతాయి. ఒక్కో బరువుకూ కంప్యూటరు తెర మీద ఒక్కో గీత లేస్తుంది. కొన్ని ఘాటు వాసన పదార్థాలున్నాయే, అవి మొదటి తోపును భలేగా పట్టి ఉంచుకుంటాయి. వాటి జాడ రవ్వంత ఉన్నా చాలు, గీత ఏనుగంత లేస్తుంది.

ఆ తెరకు అతుక్కుపోయి ఓ అమ్మాయి ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది. చల్లబరిచిన ఆవిరిలో రెండు రకాల అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా ఉంటాయా అన్నది ఆమె ప్రశ్న. ఉంటే ఆ జంట బరువు దగ్గర గీత రావాలి. రాలేదు. "ఈ ఏడాదిలో తేలకపోతే వేరే పని చూసుకోమ్మా" అని పెద్దసారు మొహం మీదే చెప్పేశారు. ఆ రోజు ఆమె తిండి మానేసి కూర్చుంటే, గాలి బాబాయే కసిరి మరీ తన క్యారేజీలో సగం తినిపించాడు.

అలాంటి బాబాయే ఆ పని చేశాడు.

ఆ ఉదయం స్టీలు గది మూత దగ్గర రబ్బరు రింగు పాడై గాలి లోపలికి పీలుస్తోంది. కొత్త రింగు వేస్తుంటే గ్లౌజు చిరిగింది. ఇంకో జత కావాలంటే కింద స్టోరుకు వెళ్లాలి. వెనకాల అమ్మాయి, "అయిందా బాబాయ్?" అని తొందరపెడుతోంది. "ఇదిగో, అయిపోయిందమ్మా" అంటూ రెండు వేళ్లతో రింగును గాడిలోకి నొక్కేశాడు. ఆ వేళ్లతోనే పొద్దున భార్య మోకాళ్లకు నొప్పుల మందు రాశాడు. సబ్బుతో కడుక్కున్నాడు, నిజమే. కానీ ఆ మందు ఒక పట్టాన వదిలే రకమా!

ఆ వారంలోనే గీత లేచింది. జంట బరువు ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే. అమ్మాయి కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. పెద్దసారు పరుగెత్తుకొచ్చారు. సోమవారం జరిగే పెద్ద సభలో ఆమే నిలబడి చెప్పాలన్నారు.

"ఆవిరి ఆపేసి చూశావా అమ్మా? అప్పుడు గీత పోవాలి కదా" అని బాబాయి అడిగాడు.

"చూశాగా! నువ్వు రింగు మార్చక ముందే చూశాను. శుభ్రంగా ఉంది."

ఆయనకు తన రెండు వేళ్లు గుర్తొచ్చాయి. రింగు మార్చక ముందట! చెప్పాలని నోరు తెరిచాడు. అప్పటికే ఆ పిల్ల ఫోనులో, "అమ్మా, వచ్చిందే! నా గీత వచ్చింది!" అని ఏడుస్తూ నవ్వుతోంది. తెరిచిన నోరు మూసుకుని ఆయన పంపు దగ్గరికి వెళ్లి, తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు.

ఆ సాయంత్రం మందు మూత తీయగానే వాసన గుప్పుమంది. చెయ్యి ఆగిపోయింది. "ఏంటలా ఉన్నారు?" అంది భార్య. "ఏం లేదు, నువ్వు కాలు చాపు" అన్నాడు. ఏం లేదట!

మర్నాడు అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు తేలు కుట్టిన దొంగలా లోపలికి వచ్చి, ఆవిరి కవాటం కట్టేశాడు. తెర వంక చూశాడు. గీత నిలబడే ఉంది. ఆవిరి లేదు, జంటా లేదు. ఉన్నదల్లా తన రెండు వేళ్లే; వాటికంటిన మందు బరువు సరిగ్గా ఆ జంట బరువే అయి కూర్చుంది.

అప్పుడొక పాడు ఆలోచన వచ్చింది. చప్పుడు చేయకుండా రింగు మార్చేస్తే గీత మాయమవుతుంది. ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. పిల్ల తన పొరపాటే అనుకుంటుంది. ఆ ఆలోచనతోనే కొత్త రింగు తెచ్చాడు, కొత్త గ్లౌజులు తొడుక్కున్నాడు. పాన చేతిలోకి తీసుకున్నాడు కూడా. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనిపించింది. పాన బల్ల మీద పెట్టేశాడు.

అమ్మాయి వచ్చేసరికి అలాగే నిలబడి ఉన్నాడు. నీళ్లు నమలకుండా అంతా చెప్పేశాడు, గ్లౌజు చిరగడం దగ్గర్నుంచి మందు దాకా. ఆమె మూసిన కవాటం వైపు చూసింది, తెర వైపు చూసింది.

"నిన్న నేను అమ్మకు ఫోన్ చేసేటప్పటికే నీకు అనుమానం ఉందా బాబాయ్?"

ఆయన తల దించుకున్నాడు.

"రింగు సంగతి సరే. ఎవరైనా ఒకసారి ముట్టుకుంటారు" అంది. "ఆ ఫోను ఆపాల్సింది."

కళ్లు తుడుచుకుని ఫోను తీసింది. "అమ్మా, నిన్న చెప్పానే... అది కాదమ్మా. లేదు, నేను బాగానే ఉన్నాను." పెట్టేసి పెద్దసారు గదికి వెళ్లింది, వచ్చింది. లేజరు ఆపింది, పంపులు ఆపింది. పెట్టెలోంచి గ్లౌజులు తీసి తొడుక్కుంది.

బాబాయి రింగు అందుకుని మూత దగ్గరికి కదలబోయాడు.

"ఇలా ఇవ్వు బాబాయ్, నేను వేస్తాను" అంది.

గొంతులో కోపం లేదు. ఆయన చేతులకు గ్లౌజులు ఉన్నాయి, రెండింటికీ. అయినా రింగు ఆమెకు ఇచ్చేశాడు.