లైటు వద్దన్న చెల్లి

నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. ఇదివరకు ప్రతిదానికీ చెల్లి మీద ఒట్టేసేదాన్ని. ఆ రాత్రి నుంచి దాని మీద ఒట్లు మానేశాను. నా మీదే ఒట్టు... ఇది జరిగింది.

మాది మోతె. అమ్మ, నేను, మా ఆయన ఒకే ఇంట్లో ఉంటాం. చెల్లి సిరి మిర్యాలగూడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆ రోజు జ్వరంతో ఇంటికొచ్చింది. పొద్దుగూకేసరికి తలనొప్పి, వాంతులు. లైటు వేస్తే కళ్లలో పొడిచినట్టుందని ఏడ్చింది. ఆర్పేశాం. కిటికీలూ మూసేశాం. అమ్మ గాలి సోకిందని దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. నాకు ఒళ్లు మండింది, జ్వరానికి దిష్టేంటని అరిచాను. అరిచానే గానీ... నేనూ ఆ ఘాటు కోసమే ముక్కు ఎగబీల్చాను.

చీకట్లో చాప మీద దాని పక్కన కూర్చున్నాను. నీళ్లు తాగిద్దామని తల ఎత్తబోతే మెడ వంగలేదు. కట్టెలా ఉంది. అప్పుడు మెల్లగా అంది...

"అక్కా... ఆమెను బయటికి పొమ్మను."

"ఎవలనే?"

"గామె... నీ పక్కన కూసున్నది."

నా పక్కన ఎవరూ లేరు. అమ్మ వాకిట్లో ఉంది. చాప మీద చేయి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది...

ఫోన్ లైటు వేశాను. వెలుగు దాని పాదాల మీద పడింది. ఊదారంగు చుక్కలు. వేలితో అదిమాను... పోలేదు. మా ఆయన్ని కేకేసి మళ్లీ చూశాను. మోకాళ్ల దాకా వచ్చేశాయి. చీకటి చేసి మేమే వాటిని దాచిపెట్టాం.

మా ఆయన కారు తీశాడు. సూర్యాపేట ఆసుపత్రి దాకా పిలుస్తూనే ఉన్నాను. అది పలకలేదు.

వెన్నులో నీరు తీసి పరీక్ష చేశారు. మెదడు పొరలకు వచ్చే జబ్బట, మెనింజైటిస్. అందులోనూ అరుదుగా కనబడే రకమట. మా అందరికీ మాత్రలిచ్చారు. ఎట్లా వచ్చిందని అడిగాను.

"చెప్పలేమమ్మా," అంది డాక్టరమ్మ. "గీ క్రిమి బాగున్నోళ్ల గొంతుల గూడ ఉంటది. వాళ్లకేం కాదు. దగ్గరున్నోళ్లకు అంటుకుంటది."

హాస్టల్ పిల్లలెవరైనా కావచ్చు. కానీ వారం ముందు దాన్ని చూడ్డానికి వెళ్లి, ఒకే సీసాలో నీళ్లు తాగి, ఒకే దుప్పట్లో పడుకున్నది నేను.

సిరి బతికింది. ఒక చెవికి వినికిడి పోయింది. ఆ రాత్రి ఎవరిని చూశావే అంటే గుర్తులేదంటుంది. ఏం చెప్పబోయినా, "జర దగ్గరికొచ్చి చెప్పక్కా" అంటుంది.

నా గొంతులో ఉన్నా మాత్రలతో పోతుందన్నారు. వేసుకున్నాను. అయినా... కొంగు నోటికి అడ్డం పెట్టుకునే దాని దగ్గరికి వెళ్తాను.