దారిలో ఉన్నారు

ఇక మా చేతుల్లో లేదు, తీసుకెళ్ళండి అని పెద్దాసుపత్రులు పంపేసిన వాళ్ళను చేర్చుకునే ఇల్లు అది. పదకొండు మంచాలు, పొడుగాటి వరండా, చివర చిన్న వంటగది. అక్కడ పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న నర్సును అందరూ మెత్తచేతుల నర్సమ్మ అనేవారు. ముట్టుకుంటే విలవిల్లాడే మనిషిని కూడా నొప్పి తెలియకుండా పక్కకు తిప్పేది. తిప్పేముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకునేది. ఆవిడ పరిచిన దుప్పటిలో ముడత వెతికితే దొరికేది కాదు. బంధువుల ఇళ్ళకు వెళ్తే మాత్రం వాళ్ళు ఆవిడ పక్కన కూర్చోవడానికి జంకేవారు. "నన్నట్లా ఎగాదిగా చూడకమ్మా, నాకింకా చాలా పనులున్నాయి" అని వేళాకోళమాడేవారు. ఆవిడా నవ్వేసేది. లోపల మాత్రం చివుక్కుమనేది.

ఆ ఉద్యోగంలో ఆవిడ మొదట నేర్చుకున్నది ఒక అబద్ధం. చేరిన కొత్తలో గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడు ఏడో మంచం మీద ఉండేవాడు. ఎనభై ఏళ్ళు దాటాయి, మాట తడబడుతోంది, పొద్దస్తమానం "మా అమ్మ వచ్చిందా?" అని అడుగుతున్నాడు. మన నర్సమ్మకు అప్పటికి సత్యం మీద మహా గౌరవం. "మీ అమ్మగారు పోయి నలభై ఏళ్ళయిందిగా తాతా" అంది. ఆయన ఆ వార్త అప్పుడే విన్నట్టు బావురుమన్నాడు. గంట తర్వాత మరిచిపోయి మళ్ళీ అడిగాడు. పెద్ద నర్సు వచ్చి ఈవిణ్ణి వరండాలోకి లాక్కెళ్ళి చీవాట్లు పెట్టింది.

"నీ సత్యం ఇంట్లో పెట్టుకో. ఆయన్ని రోజుకు పదిసార్లు తల్లి లేనివాణ్ణి చేస్తావా? దారిలో ఉన్నారు అను. అంతే. దారిలో ఉన్నారు, వచ్చేస్తున్నారు."

మళ్ళీ అడిగినప్పుడు నర్సమ్మ అలాగే అన్నది. ముసలాయన మొహం విప్పారింది. తలుపు వైపు తిరిగి పడుకుని, అలా చూస్తూనే రెండోరోజు వెళ్ళిపోయాడు. ఆనాటినుంచి ఎవరు ఎవరికోసం అడిగినా నర్సమ్మ నోట ఆ మాట తడుముకోకుండా వచ్చేది. చుట్టూ ఉన్న అయినవాళ్ళకు చెప్పే మాట ఇంకోటి ఉండేది: "కళ్ళు మూసుకున్నా చెవులు చివరిదాకా పనిచేస్తాయి, మాట్లాడండి." ఎలా తెలుసని ఒక్కరూ అడగలేదు. ఏళ్ళ తరబడి చూస్తున్న మనిషి, తెలిసే చెప్తుందనుకునేవారు.

నర్సమ్మకు అక్క ఒక్కతే దిక్కు, అక్కకు ఆవిడొక్కతే. తల్లి పోయేనాటికి అక్కకు పదిహేడు, ఈవిడకు ఆరు. అక్క కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని చదివించింది. నర్సుగా మొదటిరోజు వేసుకున్న తెల్లబట్టలు కుట్టిందీ అక్కే. పెళ్ళి మాటెత్తితే "ఒక పిల్లను పెంచాను, చాలదా" అనేది. ఆవిడకు కాలేయంలో కాన్సరని తెలిసేసరికే ఆలస్యమైపోయింది. పదకొండో మంచం, కిటికీ పక్కది, ఖాళీ అయితే చెల్లెలే తీసుకొచ్చి పడుకోబెట్టింది.

"ఇన్నాళ్ళూ జీతానికి చేశావు, ఇప్పుడు ఉత్తపుణ్యానికి చెయ్యవే చిట్టీ" అంది అక్క, దిండు సర్దుకుంటూ. నలభై ఆరేళ్ళ నర్సమ్మను చిట్టీ అని పిలిచే గొంతు లోకంలో అదొక్కటే.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మన మనిషి మంచం మీద ఉంటే మనం డ్యూటీలో ఉండకూడదు. పెద్ద నర్సు మొదటిరోజే చెప్పింది. "సెలవు పెట్టు. ఇంటి బట్టల్లో వచ్చి ఆ కుర్చీలో కూచో. చేసేవి మేం చేస్తాం."

"నేను చేసినట్టు ఎవరు చేస్తారు మేడమ్?" అంది నర్సమ్మ.

ప్రేమతోనే అంది, కాదనను. కానీ అందులో కాస్త గర్వం లేకపోలేదు. ఇంకొంచెం భయం కూడా ఉంది. కుర్చీలో కూర్చుంటే ఏడుపొస్తుంది, నిలబడి పనిచేస్తుంటే రాదు. అందుకని తెల్లబట్టలు వేసుకుని, మాస్కు కట్టుకుని, చేతులకు తొడుగులు తగిలించుకుని అక్కను మహారాణిలా చూసుకుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పింది. నోరు తడిపింది. మందు వేళ తప్పనివ్వలేదు. "కాసేపు కూచోవే, తలనొప్పి వస్తుంది నీకు" అని అక్క అన్నప్పుడల్లా "ఇదిగో, ఈ ఒక్కటీ అయిపోనీ" అనేది. ఎంతమంది కొడుకులకు, కోడళ్ళకు చెప్పింది, పనులు మేం చూస్తాం, మీరు పక్కన కూచోండని! చెప్పేవాళ్ళకేం, చెప్తారు.

ఆరోరోజుకు అక్కకు పచ్చకామెర్లు ముదిరి తెలివి మసకబారింది. ఆ ఉదయం నర్సమ్మ దుప్పటి మారుస్తోంది. కళ్ళు దుప్పటి అంచు మీద ఉన్నాయి, ధ్యాస మూత్రం గొట్టం మీద ఉంది. అక్క నీరసంగా అడిగింది.

"నర్సమ్మా, మా చిట్టి వచ్చిందా?"

"దారిలో ఉందమ్మా. వచ్చేస్తోంది."

అలవాట్లో పొరపాటంటారే, అది. తలెత్తకుండానే అనేసింది. సబ్బుతో చేతులు కడుక్కుంటుండగా తను ఏమన్నదో తనకే వినిపించింది. కుళాయి కట్టకుండానే పరిగెత్తుకొచ్చింది. మాస్కు లాగి పారేసింది.

"అక్కా! నేనేనే చిట్టిని. ఇటు చూడు."

అక్క చూసింది. పరాయివాళ్ళు మర్యాద చేస్తే నవ్వే నవ్వు నవ్వింది. "మీరు మంచివారమ్మా. నేను బెంగపడకూడదని అంటున్నారు. ఫర్వాలేదు, దారిలో ఉందన్నారుగా. చూస్తుంటాను." తలుపు వైపు తిప్పమని అడిగింది. నర్సమ్మే తిప్పింది.

ఆ తర్వాత మూడురోజులు చెప్పుకోవడానికే కష్టం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఏమేమో చేసింది. చిన్నప్పటి సంగతులు చెప్పింది. మిషను కింద దూరి దారపు రీళ్ళతో ఆడుకున్నది చెప్పింది. "మా చిట్టి ఇవన్నీ మీకు చెప్పిందా?" అని అక్క మురిసిపోయింది. గంజి పట్టబోతే "అది రానీ, ఇద్దరం తాగుతాం" అని పెదవులు బిగించింది. అలా చెల్లెలి భుజం మీదుగా తలుపు వైపే చూసింది. ఎవరి అడుగు వినిపించినా మెడ ఎత్తబోయేది, ఎత్తలేక దిండు మీద వాలిపోయేది.

నర్సమ్మకు అన్నం సహించలేదు. ఏడో మంచం వైపు చూడలేకపోయింది. పందొమ్మిదేళ్ళలో ఎంతమందిని అలా తలుపు వైపు తిప్పి పడుకోబెట్టింది? దయ అనుకుంది. ఆ చూపుల్లో ఎంత అలసట ఉందో మంచం పక్కన కుర్చీలో కూచుని ఒక్కసారైనా చూడలేదు. మాట అనేసి, పక్క మంచానికి వెళ్ళిపోయేది. మంచి నర్సునని పేరు తెచ్చుకుంది.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం దుప్పటి తీసి చూస్తే అక్క మోకాళ్ళ మీద నీలి మచ్చలు తేలాయి. పాదాలు చల్లబడ్డాయి. వేరేవాళ్ళ కాళ్ళయితే బయటికి వెళ్ళి "ఈ సాయంత్రానికి అందరూ వచ్చేయండి" అని ఫోన్లు చేసేది. ఎవరికి చెయ్యాలి? మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయింది. పెద్ద నర్సు వచ్చి చూసి, భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ బట్టల్లో ఉన్నంతసేపూ నువ్వు ఆవిడకు నర్సువే. పో, మార్చుకో. దారిలో ఉన్నదానివి దారిలోంచే రా. ఆ తలుపులోంచి."

చిన్నపిల్లలా పరిగెత్తింది నర్సమ్మ. బట్టల గదిలో తెల్లబట్టలు విప్పేసింది. అక్క కుట్టిన ఆకుపచ్చ బట్టలు వేసుకుంది. ముడి విప్పి జుట్టు దువ్వుకుంది. బడికి పంపేటప్పుడు అక్క రెండు జడలు వేసేది. నెరిసిన జుట్టుకు రెండు జడలు, ఎవరైనా చూస్తే నవ్వుతారు, నవ్వనీ. హడావుడిలో పాపిడి వంకర పోయింది. విప్పి మళ్ళీ దువ్వింది. అక్కకు వంకర పాపిడంటే గిట్టదు. తర్వాత, ఎందుకో అడక్కండి, అలవాటుగా మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. అంతా కలిపి పావుగంట పట్టింది.

వరండా అంతా ఎండ. తలుపు దగ్గర ఆగి, బడినుంచి వచ్చినప్పటి గొంతుతో పిలిచింది.

"అక్కా! వచ్చేశానే!"

అక్క వీపు కనిపించింది. ఆవిడ గోడ వైపు తిరిగి ఉంది. పక్కన ఆయా నీళ్ళ గిన్నె, తడిగుడ్డ పట్టుకుని నిలబడింది. రెండు జడల నర్సమ్మను చూసి బిత్తరపోయింది.

"ఇప్పుడేనమ్మా. బయట ఎండెలా ఉందని అడిగారు. మండిపోతోందన్నాను. 'అయితే దాన్ని రావద్దని చెప్పు. ఎండలో పడి వస్తే తలనొప్పి వస్తుంది పిచ్చిమొహానికి. నేనేమీ అనుకోనని చెప్పు' అన్నారు. ఇక చూడక్కర్లేదు, అటు తిప్పమన్నారు. తిప్పాను."

నర్సమ్మ మంచం చుట్టూ తిరిగి గోడకూ మంచానికీ మధ్య సందులో దూరి మోకాళ్ళ మీద కూర్చుంది. అక్క కళ్ళు సగం మూతపడ్డాయి. నల్లగుడ్డు కదల్లేదు. చెయ్యి పట్టుకుంది. తొడుగు లేకుండా పట్టుకోవడం ఈ తొమ్మిదిరోజుల్లో అదే మొదటిసారి. అరచేతిలో కత్తెర పట్టి పట్టి కాసిన కాయ ఇంకా గట్టిగానే ఉంది. "వచ్చానే అక్కా, ఎండ లేదే, చూడు, రెండు జడలు వేసుకున్నానే" అని చెవిలో చెప్తూనే ఉంది. ఊపిరి ఆగి ఆగి వచ్చింది. నాలుగుంపావుకు ఆగినది మళ్ళీ రాలేదు.

ఆయా కొంగుతో మొహం తుడుచుకుంది. "వినే ఉంటారమ్మా. చివరిదాకా వినబడుతుందని మీరే కదా అందరికీ చెప్తారు."

"అవును," అంది నర్సమ్మ. "నేనే చెప్తాను."