చీటీలో ఎక్కువైన మాటలు

1997. చెన్నైలో ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మెడ్‌లైన్ అప్పట్లో మాకు సీడీల మీద వచ్చేది. ఏ వైద్య పత్రికలో ఏ వ్యాసం ఉందో చెప్పే సూచిక అది. డాక్టర్లు చీటీ రాసిస్తే వెతికి ప్రింటు తీసివ్వడం నా పని. బీరువాల మధ్య బతికినవాణ్ణి, ఆ తెర ముందు కూర్చుంటే సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు.

ఒకరోజు పొద్దున సర్జరీ పీజీ డాక్టర్ మాలతి ఇంగ్లీషులో రాసిన చీటీ ఇచ్చింది. కడుపునొప్పి, రక్తహీనత, మణికట్టు వాలిపోవడం, గృహిణి, మనలి. మనలి చెన్నై శివారులో ఉంది.

"మా వార్డులో ఈమెకు రేపు పొట్ట కోసి చూద్దామంటున్నారు సార్. నాకేమో మనసొప్పడం లేదు. సాయంత్రంలోగా ఏదైనా దొరుకుతుందా?" అంది.

రాసిచ్చింది రాసిచ్చినట్టు కొట్టడమే మర్యాద అనుకునేవాణ్ణి. మాటల మధ్య యాండ్ పెట్టాను, అంటే అవన్నీ ఉన్న వ్యాసాలే రావాలని. సున్నా వచ్చింది. వివరం చాలలేదేమోనని తమిళనాడు కూడా చేర్చాను. మళ్ళీ సున్నా. సీడీ తీసి తుడిచి పెట్టాను. తప్పు నాదో మెషీనుదో తెలియక మధ్యాహ్నానికి తల వేడెక్కిపోయింది.

చివరికి విసుగొచ్చి ఒక్కో మాటా తీసేస్తూ పోయాను. తమిళనాడు, మనలి తీసినా సున్నాయే. గృహిణి కూడా తీసేశాక తెర నిండా వ్యాసాలు వచ్చాయి. చాలావరకు సీసం ఒంట్లో చేరిన కార్మికుల గురించే.

"ఈమె ఏ ఫ్యాక్టరీకీ పోదు కదా సార్" అంది సాయంత్రం వచ్చి ప్రింటు చూసిన మాలతి. ఆమెనే అడుగుదామన్నాను. ప్రింటు పట్టుకుని ఇద్దరం వార్డుకు వెళ్ళాం. మంచం పక్కన ఆమె భర్త ఉన్నాడు, తెలుగువాడే.

"నువ్వేం పని చేస్తావు నాయనా?" అని అడిగాను.

"పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగిస్తా సార్, ఇంటి ఎనకాలే. నా గుడ్డలు ఈమే ఉతుకుతాది."

"మరి డాక్టర్లకు చెప్పలేదే?"

"ఈమె ఏం చేస్తాదని అడిగినారు. నా పని ఎవురడిగినారు సార్?"

ఆపరేషన్ ఆపించింది మాలతి. రక్తపరీక్షలో సీసమేనని తేలింది, మందులు మొదలుపెట్టారు. ఆ సంగతి చెబితే అతను సంతోషించలేదు. "పిల్లోళ్ళు ఆడనే ఆడుకుంటారు సార్. వాళ్ళకేం కాదు గదా?" అన్నాడు.

మర్నాడు పిల్లలిద్దరికీ పరీక్ష చేయించాం. చిన్నదాని ఒంట్లోనూ సీసం ఉంది.

దొరకనప్పుడు మాటలు చేర్చకూడదు, తీసేయాలి. తరవాత వచ్చిన పీజీలందరికీ ఈ కేసు చెప్పి అదే నేర్పాను. కానీ ఆ తండ్రి అడిగేదాకా పిల్లల ఊసే మాకు తట్టలేదని మాత్రం వాళ్ళెవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.