రూతు టీచరమ్మ పాటలకు నేనే గాయకుణ్ణి

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. ఇరవై ఏళ్లుగా పాటలు రికార్డు చేస్తున్నా, ఇంటర్నెట్లో ‘ఆర్టిస్ట్’ అనే గడిలో ఎవరి పేరు రాయాలో మూడేళ్ల కిందటి దాకా నాకు తెలియదు.

నంద్యాల బస్టాండు వెనక నాదొక చిన్న స్టూడియో. దాని పేరూ నా పేరూ ఒకటే, శేషు. ఆళ్లగడ్డ నుంచి రూతు టీచరమ్మ వచ్చి, తాను రాసి బాణీ కట్టుకున్న పదకొండు క్రైస్తవ గీతాలు పాడింది. క్యాసెట్ల కాలం నుంచీ మాకొక అలవాటు: అట్ట మీద స్టూడియో పేరు పెద్దగా, పాడినవాళ్ల పేరు ఎక్కడో మూల చిన్నగా. పాటలమ్మే ఒక వెబ్‌సైట్లోనూ అదే చేశాను. మెటాడేటాలో, అంటే పాటకు అంటించే వివరాల చీటీలో, గాయకుడు ‘శేషు’ అని కొట్టి, షరతులు చదవకుండానే ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కాను. అంత ధైర్యంగా నా పెళ్లికి కూడా ఒప్పుకోలేదు.

నెల తిరక్కుండానే టీచరమ్మ వచ్చింది. చర్చిలో తాను పాడిన వీడియోను ఆన్‌లైన్‌లో పెడితే, శేషు పాట కాపీ కొట్టారంటూ తీసేశారట.

“ఏందప్పా శేషూ, నా పాట నేనే దొంగిలించినానంట! సంఘంలో ఆడోళ్లంతా నన్నే చూస్తాండారు.”

“తప్పు నాదే టీచరమ్మా. పేరు మారుస్తాలే.”

“బేగా మార్చు. వచ్చే నెల చర్చి కూటాల్లో యా మొగం పెట్టుకొని పాడల్ల?”

పాటలమ్మే ఆ వెబ్‌సైటు కంపెనీకి రాశాను. పేరు మార్చడం కుదరదు, ఏం అడగాలన్నా గాయకుడే అడగాలన్నారు. అప్పుడు వెలిగింది: వాళ్ల దృష్టిలో గాయకుణ్ణి నేనే కదా! ‘నా’ పాటలన్నీ సైట్లోంచి తీసేసి వెనక్కి ఇచ్చేయమని దర్జాగా రాశాను. వారంలో ఇచ్చేశారు. వీడియో మీద నిందా పోయింది.

“మళ్లా ఇంగొక కంపెనీ చేతిలో పెడతాండావా?” అంది టీచరమ్మ.

“లేదమ్మా. ఈసారి అంగడి మనదే.”

ఓపెన్ సోర్స్ అంటే, తయారుచేసినవాళ్లు లోగుట్టంతా తెరిచిపెట్టి, ఎవరైనా వాడుకోండని వదిలిన సాఫ్ట్‌వేర్. అలాంటిదొకటి తెచ్చి, అద్దె సర్వర్‌లో పెట్టి, పాటలమ్మే సైటు కట్టాను. నాలుగు రోజులు అది నన్ను ఏడిపించింది, ఐదో రోజు పాడింది. గాయని గడి రాగానే నేను కుర్చీలోంచి లేచాను. టీచరమ్మ కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతికి ‘రూతు, ఆళ్లగడ్డ’ అని కొట్టింది.

“సరిగా ఉందా చూడప్పా.”

“మీ పేరు నన్నడుగుతారేంది టీచరమ్మా!”

“నీకిచ్చినందుకే గదా ఇన్ని అగచాట్లు!”

కూటాలకు ముందే వెలుగోడు నుంచి ఎవరో మొదటి పాట కొన్నారు. కూటాల్లో ఆమె తలెత్తుకుని పాడింది. అప్పటి నుంచీ ఆ గడి నేను నింపను, పాడినవాళ్ల చేతే కొట్టిస్తాను. నేర్చుకున్నది అంతే.

పాత కంపెనీ మాత్రం వదల్లేదు. “ప్రియమైన గాయకా, మీ కొత్త పాట కోసం ఎదురుచూస్తున్నాం” అని వారం వారం ఉత్తరం. ఒకరోజు స్టూడియో తలుపులు బిగించి, మైకు ముందు కూర్చుని, సొంతంగా ఒక పాట కట్టి, గొంతెత్తి పాడి పంపాను.

మళ్లీ ఉత్తరం రాలేదు.