మాట అందించని చర్చి

మా ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయి ఎనిమిది నెలలైంది. రోజూ ఇంట్లో చేయించాల్సిన స్పీచ్ థెరపీ ఇక మానేద్దామనుకున్నాను. ఓపిక అయిపోయింది, అంతే. అప్పుడే మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది, నరసాపురంలో ఒక చర్చిలో ఇలాగే మాట పోయిన రిటైర్డు మాస్టారు ప్రతి ఆదివారం బైబిలు వాక్యం పైకి చదువుతారని. చూసి వద్దామని మా తమ్ముణ్ణి మా ఆయనకి తోడుంచి బయల్దేరాను.

రాజమండ్రిలో ఐదున్నరకి బస్సెక్కితే రావులపాలెం మీదుగా ఎనిమిదికి పాలకొల్లు. అక్కడ ఇడ్లీ తిని నరసాపురం బస్సు మారాను. రెండు టికెట్లూ కలిపి రెండు వందల లోపే. బస్టాండు నుంచి చర్చికి ఆటో అతను ఎనభై అడిగి అరవైకి ఒప్పుకున్నాడు. "మధ్యాహ్నం తిరుగు రైలు అందుకుంటానా?" అంటే నవ్వాడు. "మాస్టారు చదివే చర్చి కదండీ. చెప్పలేమండి."

తొమ్మిదిన్నరకి ఆరాధన మొదలైంది. దేవదానం మాస్టారు కర్ర పట్టుకుని లేచారు. చదవాల్సింది ఆరు వరుసలు. ఒక్కో మాటకీ పెదవులు కదుపుతారు, ఆగుతారు, మళ్ళీ ప్రయత్నిస్తారు. చంటిపిల్లలు తప్ప ఎవరూ నోరు మెదపలేదు. మూడో వరుసలో ఆయన ఆగిపోయారు. ఆ మాట నాకు సండే స్కూలు రోజుల నుంచీ కంఠతా వచ్చు. ఎంతసేపని చూస్తాను? పైకే అందించేశాను.

అందరూ నా వైపు తిరిగారు. మాస్టారు తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటి వరుస నుంచి అందుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అదంతా ముగిసేసరికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. పాస్టరుగారు ప్రసంగం తగ్గించుకున్నారు. అందుకు ఎవరూ బాధపడినట్టు కనబడలేదు.

ఆరాధన ఆలస్యంగా ముగిశాక బయట మాస్టారి భార్య మరియమ్మగారిని క్షమించమని అడిగి, మా ఇంటి సంగతి చెప్పాను.

"మాట ఈయనకి తెలుసండి," అన్నారావిడ. "తెలీదనుకుని మనం అందిస్తాం చూడండి, అదే ఈయనకి కష్టం. మొదట్లో ఈయన్ని బాగుచెయ్యి ప్రభువా అని ప్రార్థించేదాన్ని. ఇప్పుడు ఈయన ముగించేదాకా నా నోరు కట్టెయ్యి ప్రభువా అంటున్నానండి. అది మాత్రం రోజూ అడగాల్సొస్తోంది."

నేను చర్చికి వెళ్ళి ఏళ్ళైంది. ఓపికంటే పళ్ళ బిగువున భరించడమే అనుకునేదాన్ని. ఎదుటి మనిషిలో మాట ఇంకా ఉందని నమ్మి కూర్చోవడాన్ని అక్కడే చూశాను. మీరూ వెళ్ళాలనుకుంటే ఒక సూచన: తిరుగు రైలుకి టికెట్ ముందే తీసుకోకండి. నా రైలు పోయింది. పాలకొల్లుకి బస్సులు సాయంత్రం దాకా దొరుకుతాయి.

చీకటి పడే వేళకి ఇల్లు చేరాను. నన్ను చూసి మా ఆయన రోజూలాగే డైనింగ్ టేబుల్ వైపు చెయ్యెత్తి పెదవులు కదిపారు. రోజూ నేను "మంచినీళ్ళా?" అని గ్లాసు అందించేదాన్ని, ఆయన తాగేసేవారు. ఈసారి పెదవి కొరుక్కుని నిలబడ్డాను. చాలాసేపు పట్టింది.

"కూర్చో," అన్నారు.