ఎర్ర అక్షరం, మూసిన తలుపు

నా మనుమరాలు శిరీష డిగ్రీ చదువుతోంది. పొద్దున అమెరికా నవల పాఠం నాకు చదివి చెప్పింది. తప్పు చేసిందని ఊరంతా కలిసి ఒకామె రొమ్ము మీద బట్టకు ఎర్ర అక్షరం కుట్టించారట. అది లోకం క్రూరత్వానికి గుర్తట. చెబుతూ కళ్లు తుడుచుకుంది.

అంతలో, మొగుణ్ని వదిలేసిందని కాలనీ అంతా చెవులు కొరుక్కునే సుజాత, కొడుకు పుట్టువెంట్రుకలకు పిలవడానికి కుంకుమ భరిణెతో మా క్వార్టర్‌కు వచ్చింది. శిరీష గబుక్కున తలుపు వేసింది.

"సప్పుడు చెయ్యకు అవ్వా. ఆమెతోని మనకెందుకు?"

"మరి గా నవలల ఆమె వస్తె తీస్తవా?"

"గది పరీక్షకు, అవ్వా!"

నాకు ఒళ్లు మండింది. తలుపు నేనే తీసి బొట్టు పెట్టించుకున్నాను. ఇదంతా మన కాలనీ వాట్సాప్ గ్రూపులో శిరీషతోనే రాయిస్తున్నాను, మూతి ముడుచుకుని రాస్తోంది. ఆదివారం ఆ పుట్టువెంట్రుకలకు నేను పోతున్నాను. మన క్వార్టర్ల లైన్‌లో ఇంకెవరు వస్తారో ఇక్కడే చెప్పండి.