ఎవరూ పట్టని వకాల్తా

ఆ కేసులో ముద్దాయి తరఫున ఎవరూ నిలబడకూడదని మా కోర్టు వకీళ్లందరూ ఒకమాట అనుకున్నారు. కారణం లేకపోలేదు. తోటలో కాపురముండే ముసలి దంపతులను, వాళ్ల దగ్గరే జీతానికున్న మనిషి కొడవలితో నరికి చంపాడు. తాగి పనికొచ్చినందుకు తిట్టారట, అంతే.

వకీలు లేకుండా విచారణ జరపకూడదు కాబట్టి, ఉచిత న్యాయసహాయం కింద జడ్జిగారు నన్ను నియమించారు. కాదనడానికి వీలుంది. ఒక రోజంతా ఆలోచించి ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం మా ఊరికి పోయాను. యాడికి అనే ఊరి దగ్గర మాకు కొంచెం చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. బోరు ఎండిపోతే నాయన ట్యాంకరు నీళ్లు తోలించి చెట్లు బతికిస్తున్నాడు. సంగతి విని చేతిలో పైపు కింద పడేశాడు.

"అట్లాంటోనికి నువ్వు వకీలా?"

"ఎవరో ఒకరు ఉండాల గదా నాయనా. చట్టం అట్ల చెప్తాది."

"మీ చిన్నాయన్ను చంపినోళ్ల పక్కన నిలబడిన వకీలు గూడా ఇదే మాట చెప్పినాడు."

నేను బళ్లో చదివే రోజుల్లో, ఊరి కక్షల్లో చిన్నాయన పోయాడు. సాక్షులు అడ్డం తిరగడంతో నిందితులందరూ ఇళ్లకు వచ్చేశారు. వాళ్లలో ఒకడు ఇప్పటికీ మా వీధిలోనే నడుస్తాడు. ఆ పూట నాకు అన్నం పెట్టి, తను మళ్లీ చెట్లకు నీళ్లు పట్టడానికి పోయాడు.

విచారణలో నేను చేయగలిగింది తక్కువే. కొడవలి దొరికింది, చూసినవాళ్లున్నారు. నేరం రుజువయ్యాక, శిక్ష గురించి చెప్పుకునేదేమైనా ఉందా అని జడ్జిగారు అడిగారు. అతను తల దించుకుని, "ఏం జెప్పేది సార్, చేసినాను గదా" అన్నాడు. అతని పేదరికం, వయసు, అంతకుముందు ఏ కేసూ లేకపోవడం నేనే చెప్పాను. ఉరిశిక్ష పడింది.

హాల్లో కొందరు చప్పట్లు కొట్టబోతే బంట్రోతు గద్దించాడు. చనిపోయినవాళ్ల కూతురు మాత్రం కదల్లేదు. గుంతకల్లు రైల్వేలో ఉద్యోగం ఆమెకు. ప్రతి వాయిదాకూ వచ్చి మొదటి బెంచీలో కూర్చునేది. బయట వరండాలో నా దగ్గరికి వచ్చింది.

"మీకు అమ్మానాయనా ఉండారా?"

"నాయన ఉండాడు."

"బాగ చూసుకోండి" అని మెట్లు దిగి పోయింది. తిట్టి ఉంటే నయమనిపించింది.

హైకోర్టు ఖాయం చేస్తే తప్ప ఉరి అమలు కాదని, ఆ పైన కూడా దారులున్నాయని చెప్పడానికి జైలుకు వెళ్లాను. అతన్ని విడిగా ఒక గదిలో పెట్టారు. గడ్డం మాసి, కళ్లు లోతుకు పోయి ఉన్నాడు. నేను చెప్పిందంతా విని ఒకటే అడిగాడు.

"అక్కా, చంపితే చంపనీ. అందాకా మాట్లాడేకి ఒక మనిషి ఉండకూడదా?"

పై కోర్టులన్నీ తేల్చి, క్షమాభిక్ష దారి కూడా మూసుకుపోయేదాకా, ఉరి పడిందన్న కారణంతోనే ఖైదీని ఒంటరిగా ఉంచకూడదని చట్టం. ఆ మాట జైలు అధికారికి చెబితే, "ఇద్దర్ని నరికినోనికి తోడు గూడా గావాల్నా మేడం?" అన్నాడు. అర్జీ రాసిచ్చాను, పై అధికారులకూ పంపాను. చివరికి అతన్ని అందరితో పాటు బ్యారక్‌లోకి మార్చారు. తర్వాత వెళ్లినప్పుడు గడ్డం గీసుకుని ఉన్నాడు. పక్కన పడుకునేవాడు గురక పెడతాడని ఫిర్యాదు చేశాడు. నాకు నవ్వొచ్చింది. వెంటనే ఆ కూతురు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

హైకోర్టులో వేరే వకీలు వాదించారు. ఉరి యావజ్జీవంగా మారింది. ఆ సాయంత్రం గుంతకల్లు నుంచి చనిపోయినవాళ్ల కూతురు ఫోన్ చేసింది.

"చచ్చేదాకా లోపలే ఉంటాడా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. "చెప్పలేనమ్మా. కొన్నేండ్ల తర్వాత ప్రభుత్వం విడుదల చేసేకి వీలుండాది. చేస్తారో లేదో తెలీదు."

అవతల ఏదో రైలు పోతున్న చప్పుడు వినిపించింది. "నేను రమ్మన్నా, మా అమ్మ కాళ్ల నొప్పులని తోట వదిలి నా దగ్గరికి రాలేదు" అంది. ఫోన్ పెట్టేసింది.

ఊరికి పోయినప్పుడు నాయనే ఎత్తాడు ఆ సంగతి, చెట్టు పాదిలో నీళ్లు మళ్లిస్తూ.

"ఉరి తప్పిందని చెప్తే ఏమన్నాడు వాడు?"

"ఏడ్సినాడు."

నాయన పైపును పక్క చెట్టు మొదట్లోకి జరిపాడు.

"మీ చిన్నాయన్ను చంపినోళ్లకు ఉరి పడింటే నాకు నిద్ర పట్టిండునా?"

"నాకు తెలీదు నాయనా."

"పట్టిండునేమో. నేనైతే ఆ ముసలోళ్లను చంపినోనికి ఉరే ఏసిండేవాణ్ణి, నువ్వేం జెప్పినా" అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత పైపు నా చేతికిచ్చి, అవతలి వరుస తడపమన్నాడు.